ఆస్థాన బాధితుడు

మా బావ టైలరు. ఊళ్లో సగం మంది చొక్కాలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. అయినా ఆయన్ని టైలరని ఎవరూ అనరు. "బాధితుడు గారి కొట్టు ఎక్కడండీ" అని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపి వెళ్తారు. నిక్షేపంలా ఉన్న మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్లు జాలిపడతారు. జాలిపడాల్సింది మా అక్క మీద. ఆ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను.

అగ్నిమాపక దళమంటే గంట కొట్టుకుంటూ వచ్చి మంటలార్పి వెళ్లిపోయేవాళ్లని మీరనుకుంటూ ఉండొచ్చు. మంటలార్పడం వాళ్ల పనిలో చిన్న ముక్క. మిగతా కాలమంతా వాళ్లు జనం మధ్యనే తిరుగుతుంటారు. గ్యాసు గొట్టం బీటలు వారిందేమోనని వంటింట్లో దూరి చూస్తారు. మెట్ల కింద పోగేసిన పాత సామాను తీయించి, దాని తాలూకు వాళ్లతో నానా మాటలూ పడతారు. ఒక్కో వీధికీ ఒక్కో రోజు పెట్టుకుని అభ్యాసం చేయిస్తారు. ఒక యంత్రం తెచ్చి దాంతో ఉత్తుత్తి పొగ వదులుతారు. సైరను మోగుతుంది. అందరూ తలుపులు దగ్గరగా వేసి, ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, వంగి మెట్లు దిగి, రోడ్డవతల సైకిల్ స్టాండు దగ్గర నిలబడాలి. ఒక్కరు మాత్రం దిగకూడదు. ఆ ఒక్కరూ లోపల స్పృహ తప్పి పడి ఉండాలి. నిచ్చెన వేసి, కిటికీలోంచి ఆ ఒక్కర్నీ భుజాన వేసుకుని దింపితే అభ్యాసం పూర్తయినట్టు.

ఆ ఒక్కరూ మా బావ.

అదేదో ఆయన కోరి తెచ్చుకున్నదని కాదు. మొదటిసారి మా వీధికి వచ్చినప్పుడు స్టేషను ఆఫీసరు, లోపల పడుకోవడానికి ఎవరైనా ముందుకు రండి అన్నాడు. శుభమా అంటూ ఎవరొస్తారు? అందరూ ఆకాశం కేసి చూశారు. మా బావ మాత్రం ఆఫీసరు కోటు కేసి చూస్తున్నాడు. దాని కుడి భుజం వేలెడు కిందికి జారింది. ఇంకో టైలరు చేసిన తప్పు చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాదు. ఆ మాట చెబుదామని చెయ్యెత్తాడు. ఆఫీసరు వచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఊపి, మీలాంటివాళ్లే దేశానికి కావాలన్నాడు. మా బావ కోటు సంగతి నోటిదాకా తెచ్చుకునేసరికి, కింద కొట్టూ పైన ఇల్లూ ఉన్న ఆయన బిల్డింగులోనే, రెండో అంతస్తులో బోర్లా పడుకోబెట్టేశారు.

ఆ తరవాత అది ఆయన తలకెక్కింది. రెండో అంతస్తు నడవలో, కిటికీ కింద ఒక చోటు ఎంచుకున్నాడు. ఒక చెంప నేలకి ఆనించి, ఒక చెయ్యి ముందుకి చాపి, రెండోది గుండె కింద పెట్టుకుని పడుకునేవాడు. ఆ పడుకోవడం కుదిరేదాకా ఇంట్లో నిలువుటద్దం నేల మీద పెట్టుకుని సాధన చేశాడు. దళంలోకి కొత్తగా ఎవరు చేరినా ముందు మా బావని మోసి తీరాలి. వాళ్లకి ఆయన పెట్టిన షరతులు వేరు. ముందు భుజం తట్టాలి. పేరు చెప్పాలి. ఎక్కడికి తీసుకెళుతున్నారో చెప్పాలి. ఆ తరవాతే చెయ్యి వెయ్యాలి. చెప్పకుండా పట్టుకుంటే ఆయన చేతికందింది పట్టుకుని వదిలేవాడు కాదు. ఒకసారి కిటికీ చట్రం పట్టుకుంటే ఇద్దరు కలిసి లాగారు. చట్రం ఊడి వచ్చింది గానీ మా బావ రాలేదు. ఆఫీసరు ఆయన్నే సమర్థించాడు. పొగలో కళ్లు కనపడని మనిషి, లాగేది ఎవరో తెలియకపోతే సరిగ్గా ఇలాగే చేస్తాడన్నాడు. ఇక మా బావని పట్టడానికి పగ్గాల్లేవు. ఎవరి భుజం ఎముకల పోగో, ఎవరు పట్టుకుంటే చక్కిలిగిలి పుడుతుందో, ఎవరికి నిచ్చెన దిగేటప్పుడు కూనిరాగాలు తీసే అలవాటుందో, చొక్కా కొలతలు తీసుకోవడానికి వచ్చినవాళ్లకి వర్ణించి చెప్పేవాడు.

ఆయన కాస్త ఒళ్లు చేస్తే స్టేషనులో కలవరం బయలుదేరేది. ఒకసారి దళం వాళ్లు ముగ్గురు యూనిఫారాల్లో మా అక్క దగ్గరికొచ్చి, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, రాత్రిపూట ఆయనకి కాస్త తగ్గించి పెట్టండమ్మా అని ప్రాధేయపడ్డారు. మా అక్క ఒంటికాలి మీద లేచింది.

"ఆయన నా మొగుడా, మీ సామానా?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి జవాబు అప్పటికే కాస్త తికమకగా ఉంది.

మా అక్క ఏ అభ్యాసానికీ ఎగ్గొట్టలేదు. సైరను మోగగానే అందరికన్నా ముందు దిగి, సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, బిల్డింగుకి వీపు పెట్టేసేది. మా బావని దింపుతున్నప్పుడు జనం చప్పట్లు కొడుతుంటే ఆవిడ సైకిళ్ల కేసి చూస్తూ ఉండేది. ఒకసారి నేను ఉండబట్టలేక, ఒక్కసారి తిరిగి చూడవే, ఆయన సంబరపడతాడు అన్నాను.

"ఉత్తుత్తికైనా సరే, మొగుణ్ణి శవంలా మోసుకొస్తుంటే చూడమంటావుట్రా? అది సరే. ఆయనకి భయమన్నది లేకుండా పోయింది. మనం పరుపు కేసి ఎలా చూస్తామో ఆయన పొగ కేసి అలా చూస్తాడు. నాకదీ బెంగ."

నేను నవ్వేశాను. మా అక్కది చిన్నప్పటినుంచీ అతిగా ఆలోచించే తత్వమని నా అభిప్రాయం.

ఇలా ఉండగా ప్రధాన కార్యాలయం నుంచి ఒక బొమ్మ వచ్చింది. పెద్ద మనిషంత పొడవు, పెద్ద మనిషంత బరువు, కాళ్లూ చేతులూ ఎటు వంచితే అటు వాలిపోతాయి. ముఖం మాత్రం ఉండదు. ఆఫీసరు మా బావ కొట్టుకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, కటింగు బల్ల మీది సుద్దముక్కని అటూ ఇటూ దొర్లిస్తూ సంగతి చెప్పాడు. ఇకమీదట అభ్యాసాలకి మనుషుల్ని వాడకూడదట. నిచ్చెన మీంచి జారిపడితే పూచీ ఎవరిదని పైవాళ్లు అడుగుతున్నారట. ఆఫీసరు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి ఇంకో మాట చెప్పాడు. బొమ్మకి బట్టల్లేవు. ఆడవాళ్లు ఇబ్బంది పడుతున్నారు. ఒక జత కుట్టిపెడతారా అని.

ఇంకెవరైనా అయితే కత్తెర పుచ్చుకుని వెంటపడేవారు. మా బావ టేపు మెళ్లో వేసుకుని స్టేషనుకెళ్లి బొమ్మకి కొలతలు తీశాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్లాడు. అలవాటు చొప్పున "నడుం దగ్గర కాస్త వదులుంచనా" అని బొమ్మనడిగి, జవాబు కోసం ఆగాడు. కళ్లల్లో నిప్పులు పోసుకుంటూనే దానికి కోటు కుట్టాడు. లైనింగు వేశాడు. కాజాలు చేత్తో కుట్టాడు. శత్రువుకైనా సరే అడ్డదిడ్డంగా కుట్టలేకపోవడం ఆయనకున్న జబ్బు.

మా అక్క ఆనందానికి మాత్రం హద్దుల్లేవు. "ఇన్నాళ్లూ సవతి పోరు నాకుండేది. ఇప్పుడు మీకు మొదలైంది" అని భోజనాల దగ్గర నవ్వింది. మా బావ నవ్వలేదు.

బొమ్మతో చేసిన మొదటి అభ్యాసానికి ఆయన మామూలు మనిషిలా మెట్లు దిగాల్సొచ్చింది. సైకిల్ స్టాండు దగ్గర చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక సైకిలు బెల్లు పట్టుకుని నిలబడ్డాడు. బొమ్మని దింపింది కొత్తగా చేరిన ఒక పొడుగమ్మాయి. పేరు చెప్పలేదు, భుజం తట్టలేదు. ఒక కాలు పట్టుకుని కిటికీలోంచి లాగి భుజాన పడేసుకుంది. దిగుతుంటే బొమ్మ తల నిచ్చెన మెట్టుమెట్టుకీ కొట్టుకుంది. మా బావ ఉన్నప్పుడు ఆయన మూలుగులు మూడిళ్ల అవతలికి వినపడేవి. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. బొమ్మ నేలకి దిగే లోపలే జనం ఇళ్లలోకి వెళ్లిపోయి టీవీలు పెట్టుకున్నారు.

"కాజాలు పాడుచేశారు" అని ఒక్కటే మాటన్నాడు మా బావ.

అప్పట్నుంచి మనిషి మనిషిలో లేడు. తిండి సయించేది కాదు. ఒక మేష్టారి చొక్కాకి రెండు వైపులా ఎడమ చెయ్యే కుట్టేశాడు. ఆ మేష్టారు మర్యాదస్థుడు కాబట్టి వేసుకుని చూసి, కొత్త ఫ్యాషనా అని అడిగి ఊరుకున్నాడు. సాయంత్రాలు రెండో అంతస్తు నడవలోకెళ్లి కిటికీ కింద నిలబడి కిందికి చూసి వచ్చేవాడు. మళ్లీ తనని పిలుస్తారన్న ఆశ చావలేదు. దళం బండి వీధిలోంచి వెళ్తే మిషను ఆపేసి మెడ సాచి చూసేవాడు. అది ఎప్పుడూ ఎవరి వంటింటి గొట్టమో చూడ్డానికే వెళ్లేది.

బొమ్మ కోటు భుజం దగ్గర చిరిగిందని స్టేషను నుంచి పంపారు. మా బావ దాన్ని కుట్టి ఇస్త్రీకి పెట్టాడు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఏం తల్చుకున్నాడో, పెట్టెని ఆ కోటు మీద అలాగే నిలబెట్టి, రెండో అంతస్తులో ఉన్న ఇంటికి భోజనానికి వచ్చేశాడు. ఆ రోజు నేనూ అక్కడే తింటున్నాను. అన్నం ముగించేలోపు కిందనుంచి మాడు వాసన వచ్చింది. మా అక్క పొయ్యి కేసి చూసింది. పొయ్యి ఆర్పే ఉంది. కిందింటి కిరాణా కొట్టతను రోడ్డు మీంచి కేకలేస్తున్నాడు. టైలరు కొట్టులో పీలికల కుప్ప అంటుకుంది, దిగండి దిగండి అని.

మెట్ల మీద పొగ అప్పటికింకా పలచగానే ఉంది. తలుపు తీసే ఉంది. దర్జాగా నడిచి దిగొచ్చు. మా అక్క గ్యాసు కట్టేసింది. నేను తడిగుడ్డ ముక్కుకి పెట్టుకున్నాను. "మీరు నడవండి, నేనొస్తున్నా" అన్నాడు మా బావ. ఆ గొంతులో కంగారన్నది లేదు. దిగాం. రోడ్డు దాటాం. సైకిల్ స్టాండు దగ్గర తిరిగి చూస్తే మా వెనక ఎవరూ లేరు.

ఆ మనిషి ఎక్కడుంటాడో నాకూ తెలుసు, మా అక్కకీ తెలుసు.

"ఏవండీ" అని మా అక్క ఒక్క కేక పెట్టింది. రెండో అంతస్తు కిటికీలోంచి మా బావ తల బయటపెట్టి, ఏం కంగారు లేదు, వాళ్లు బయల్దేరి ఉంటారు అన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ కిందికి వంగిపోయాడు. మళ్లీ తన చోట్లో పడుకున్నాడన్నమాట.

ఈలోపు జనం పోగయ్యారు. ముందుగా చెప్పకుండా అభ్యాసం ఏమిటని ఒకాయన విసుక్కున్నాడు. ఇంకొకాయన ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని వేసుకున్నాడు. ఈసారి పొగ చాలా సహజంగా ఉందని ఆయన పక్కావిడతో అన్నాడు. ఇది నిజమయ్యా మొర్రో అని నేను మొత్తుకుంటే, అందరూ అలాగే అనాలని చెప్పారా అని నన్నే అడిగాడు. మెట్ల గదిలోంచి అప్పటికి నల్లటి పొగ తన్నుకొస్తోంది. మా అక్క రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తబోయింది. ఒకసారి బయటికొచ్చినవాళ్లు ఏ కారణానికీ లోపలికి వెళ్లకూడదన్నది అభ్యాసంలో మొదటి పాఠం. దాన్ని తు.చ. తప్పకుండా నేర్చుకున్న వీధి మాది. పదిమంది కలిసి ఆవిణ్ణి పట్టుకుని ఆపారు. ఆవిడ వాళ్ల చేతులు కొరికింది. నేను కూడా పట్టుకున్నవాళ్లలో ఒకణ్ణి.

దళం బండి వచ్చింది. కొందరు గొట్టాలతో కొట్టు మీదికి వెళ్లారు. నిచ్చెన లేచింది. ముఖానికి తొడుగు వేసుకుని పొడుగమ్మాయి ఎక్కింది. పైన ఏం జరిగిందో తరవాత ఆ అమ్మాయే చెప్పింది. లోపల చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదట. కాలికి తగిలింది మనిషో బొమ్మో తెలియక, అలవాటుగా కాలు పట్టుకుని లాగబోయిందట. ఆ మనిషి కిటికీ చట్రం పట్టుకుని వదల్లేదట. ఒకవైపు దగ్గుతూ, "ముందు నీ పేరు చెప్పమ్మా" అన్నాడట. ఆ అమ్మాయి తొడుగు పక్కకి లాగి, ఇంటిపేరుతో సహా అరిచి చెప్పిందట. ఎక్కడికి తీసుకెళుతున్నావో కూడా చెప్పమన్నాడట. కిందికి, బాబాయ్, కిందికి, అని ఏడుపు గొంతుతో చెప్పిందట. అప్పుడు చట్రం వదిలాడు.

భుజం మీద వేలాడుతూ ఆయన దిగుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈసారి మా అక్క బిల్డింగు కేసే చూస్తోంది. ఆయన్ని నేల మీద పడుకోబెట్టి ముక్కుకి గాలి పెట్టాక కళ్లు తెరిచాడు. మా అక్క ఆయన పక్కన కూలబడింది. చెంపలన్నీ మసి.

"తలుపు తీసే ఉంది కదండీ" అంది.

"మనం నడిచొచ్చేస్తే వాళ్లకి పనేముంటుందే" అన్నాడు మా బావ.

మా అక్క ఆయన్ని కొట్టింది. చొక్కా పట్టుకుని రెండు చేతులా కొట్టి, ఆ తరవాత అదే చొక్కాలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఊరందరికీ లేచి బయటికి నడవడం నేర్పాం, ఈయనొక్కడికే పడుకోమని నేర్పాం, ఇన్నేళ్లలో మాకెవరికీ ఈ సంగతి తట్టలేదు అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నాకు మాత్రం నా మీదే అసహ్యం వేసింది. మా అక్క బెంగపడినప్పుడు నవ్వింది నేనే కదా.

ఆస్పత్రిలో మా బావ మామూలుగానే ఉన్నాడు. కొట్టులో కాలిపోయిన గుడ్డలు ఎవరెవరివో గుర్తు చేసుకుని బాధపడ్డాడు. బొమ్మ కోటు కాలిందన్నప్పుడు మాత్రం ముఖంలో ఏదో వెలుగు కనిపించినట్టనిపించింది. మా అక్క మంచినీళ్లకి బయటికెళ్లినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ పిల్ల చెయ్యి వణికిందిరా. ఇన్నేళ్లలో నన్ను పట్టుకున్న చెయ్యి ఏదీ వణకలేదు."

ఇంకేదో చెప్పబోయి, మా అక్క అడుగుల చప్పుడు విని దుప్పటి సర్దుకున్నాడు.

బిల్డింగుకి సున్నాలు వేసి కొట్టు తెరిచాక ఆఫీసరు ముఖం చాటంత చేసుకుని వచ్చాడు. నిజంగా రక్షణ పొందిన మనిషి అభ్యాసంలో ఉంటే జనానికి గురి కుదురుతుందని పైవాళ్లు ఒప్పుకున్నారట. బొమ్మని ఇంకో స్టేషనుకి పంపేశారట. మా బావ చోటు మా బావదే. లేచి బయటికి నడవడం కూడా ఆయనకి ముందు నేర్పి, ఆ తరవాతే పడుకోబెడతామని మా అక్కకి మాటిచ్చాడు. మా అక్క పైకి వెళ్లి తలుపేసుకుంది. మా బావ మాత్రం ఆ వారమంతా కూనిరాగాలు తీస్తూ కుట్టాడు. ఆ మేష్టారి చొక్కాకి కుడి చెయ్యి కుట్టిచ్చాడు కూడా.

అభ్యాసం రోజున జనం వీధి చివరిదాకా నిలబడ్డారు. కుర్చీలు చాల్లేదు. మా బావ ఉతికిన బట్టలు కట్టుకుని, అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ రెండో అంతస్తుకి వెళ్లాడు. యంత్రం పొగ వదిలింది. సైరను మోగింది. ఇంకా ఎవరి తలుపూ తెరుచుకోలేదు, ఎవరూ మొదటి మెట్టు మీద కాలు పెట్టలేదు. మెట్ల గదిలోంచి ఒక మనిషి బాణంలా దూసుకొచ్చాడు. వంగి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, రోడ్డు దాటి, ఖాళీగా ఉన్న సైకిల్ స్టాండు దగ్గర ఒక్కడే నిలబడి రొప్పుతున్నాడు. మా బావే.

కాసేపటికి మిగతావాళ్లు దిగారు. మా అక్క దిగి, ఆయన్ని అక్కడ చూసి ఆగిపోయింది. పొడుగమ్మాయి నిచ్చెనెక్కి లోపలికి దూరి, అంతా వెతికి, కిటికీలోంచి తల బయటపెట్టి బాబాయ్ లేడని అరిచింది. జనం గొల్లుమని నవ్వారు. ఆవేళ కుర్చీ తెచ్చుకున్నాయన, ఇంతోటి దానికి మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టారా అని గొణిగాడు. ఆఫీసరు నవ్వలేదు. దగ్గరికొచ్చి, పర్లేదు టైలరు గారూ, కావాలంటే ఇంకోసారి మొదలుపెడదాం అన్నాడు.

మా బావ తల అడ్డంగా ఊపాడు. ఆయన ముఖంలో అంత సిగ్గు నేనెప్పుడూ చూడలేదు.

"కుదరదు సార్. నాకు భయమేసింది."

మా అక్క అందర్నీ తోసుకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. పెళ్లినాటి ఫోటోలో కూడా ఆవిడ అంత నిండుగా నవ్వలేదు.

"ఇన్నాళ్లకి వేసిందా" అంది.